భిలాయ్ పవర్ హౌస్: వేసవిలో పచ్చికపై గోధుమ రంగు మచ్చలు ఎందుకు వస్తాయి, ఏం చేయాలి?

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని తెలుగువారి సామెత. ఛత్తీస్‌గఢ్‌లో ఆ కార్తె తొలి తొమ్మిది రోజులను ‘నౌతపా’ అంటారు. మే 25 ప్రాంతంలో అవి మొదలవుతాయి. భిలాయ్‌లో పవర్ హౌస్ పరిసరాల ఇళ్ల ముందు, రహదారికి అవతల ఉక్కు కర్మాగారం క్వార్టర్ల ముందు పచ్చిక గోధుమ రంగుకు తిరిగేది దాదాపు ఈ రోజుల్లోనే. తెగులు సోకిందని కొందరు మందు చల్లుతారు. చచ్చిపోయిందని మరికొందరు పెకలిస్తారు. రెండూ తొందరపాటు పనులే.

ఇక్కడి ఆవరణల్లో సాధారణంగా కనిపించేది గరిక. ఎండ ముదిరి నీరు చాలనప్పుడు ఆకులను ఎండనిచ్చి, నేలను పాకే కాండాల్లోనూ నేల లోపలి దుంపకాండాల్లోనూ ప్రాణం నిలుపుకోవడం దాని స్వభావం. మచ్చ ఉన్నచోట గుప్పెడు గడ్డిని పట్టి లాగితే సంగతి తెలుస్తుంది. అది నేలను గట్టిగా పట్టుకొని ఉండి, కాండాన్ని గోటితో గీరినప్పుడు లోపల తెల్లగానో లేత పచ్చగానో కనిపిస్తే గడ్డి బతికే ఉన్నట్లు. మట్టి పొరల కింద చెదలు కనిపిస్తే ఆ భాగానికి మాత్రమే చికిత్స చేయాలి. చుట్టూ ముదురు పచ్చని వలయంతో చిన్న మచ్చ ఉంటే అది కుక్క మూత్రం పడిన చోటు కావచ్చు. అక్కడ నీటితో బాగా తడిపితే చాలు.

అసలు చిక్కు నీటి దగ్గరే. ఒక చదరపు మీటరు పచ్చికను 25 మిల్లీమీటర్ల మేర తడపడానికి 25 లీటర్లు కావాలి. అంటే ఇరవై చదరపు మీటర్ల చిన్న ఆవరణకు ఒక్కసారికి 500 లీటర్లు. కూలర్లకు, వంటకు నీళ్లు చూసుకోవలసిన నెలలో అది తక్కువేమీ కాదు. పచ్చదనం కోరుకోకుండా గడ్డిని బతికించుకోవడమే లక్ష్యమైతే పది రోజులకొకసారి చదరపు మీటరుకు పది పన్నెండు లీటర్లు సరిపోవచ్చు. మొరం ఎక్కువగా ఉండే ‘భాటా’ నేలలో నీరు నిలవదు కాబట్టి వ్యవధి తగ్గించాలి. ‘కన్హార్’ అనే నల్లరేగడిలో తేమ ఎక్కువ రోజులుంటుంది. రోజూ సాయంత్రం పైపైన చిలకరించడం కన్నా తెల్లవారుజామున ఒకేసారి లోతుగా పెట్టడం మేలు. తడిపిన తరువాత పొడవైన స్క్రూడ్రైవర్ నేలలోకి సులువుగా దిగకపోతే మట్టి గట్టిపడిందని గ్రహించి గునపంతో రంధ్రాలు చేయాలి. కాలిబాట పడిన చోట్ల ఇది తరచూ అవసరమవుతుంది.

ఎండిన గడ్డికి యూరియా వేయడం పెద్ద పొరపాటు. తేమ లేని నేలలో అది ఉన్న వేళ్లను కూడా మాడ్చుతుంది. మొదటి వానలు పడి కొత్త చిగుళ్లు వచ్చాక చదరపు మీటరుకు పది గ్రాములు వేసి వెంటనే తడిపితే చాలు. అప్పటిదాకా గడ్డిని నాలుగైదు సెంటీమీటర్లకు తక్కువగా కత్తిరించకూడదు.

వర్షాకాలంలో వచ్చే మచ్చల కథ వేరు. రాత్రంతా ఆకులు తడిగా ఉంటే రైజోక్టోనియా అనే శిలీంధ్రం వల్ల గుండ్రని మచ్చలు పుడతాయి. తొలి జల్లులకు నేల నుంచి వెలువడే పెంకుపురుగులు రాత్రిళ్లు వేప ఆకులు తిని, మట్టిలో గుడ్లు పెడతాయి. వాటి పిల్లలైన వేరుపురుగులు ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో గరిక వేళ్లను కొరికేస్తాయి. అప్పుడు పచ్చిక చాపలా ఊడి వస్తుంది. చదరపు అడుగు నేలలో ఐదారుకు మించి తెల్లని పురుగులు చుట్టుకొని కనిపిస్తే మందు గురించి ఆలోచించవలసింది అప్పుడే.