రూపాయికి వెల కట్టువారెవరు?



ధాన్యమునకు వెల కలదు, ప్రత్తికి వెల కలదు, కాడియెద్దులకు వెల కలదు. ఈ వెలలన్నిటిని మనము రూపాయలలో చెప్పుకొందుము. అట్లయిన రూపాయి వెల యెంత? దానిని దేనితో కొలువవలెను? నిర్ణయించువారెవరు? ఈ ప్రశ్న మన పూర్వులకు క్రొత్తది కాదు. వారు పలువిధముల నాణెముల నడుమ బ్రతికినవారు.

1818 వరకు చెన్నపట్టణపు ప్రభుత్వమునకు బంగారు వరహాయే ప్రధాన నాణెము. వరహా యొకటికి మూడున్నర రూపాయలని లెక్క. అయినను సంతలో ఈ లెక్క నిలిచెడిది కాదు. అరిగిన నాణెమునకు వట్టము, పరాయి నాణెమునకు వట్టము. ఆ వట్టమును తేల్చువాడు షరాబు. అతడు నాణెమును మ్రోగించి, తూచి, ముద్ర చూచి వెల చెప్పెడివాడు. 1835లో కంపెనీవారు 180 గ్రెయిన్ల తూకమును, పండ్రెండు పాళ్లలో పదునొకండు పాళ్లు మేలిమి వెండియు గల ఒకే రూపాయిని తమ యేలుబడి యంతటికి నేర్పరచిరి. అయినను షరాబు అంగడి మూతపడలేదు. ఏలయన, నైజాము రాజ్యమున హాలీ సిక్కా వేరుగా చెల్లుచుండెను.

నల్లగొండ ప్రాంతమునకును కృష్ణా మండలమునకును నడుమ రాకపోకలు చేసినవారికి రెండు సంచులు అవసరమయ్యెడివి. ఒకటి హాలీకి, ఒకటి కల్దారుకు. ఇంగ్లీషు ప్రభుత్వపు రూపాయిని అచ్చట కల్దారు అనెడివారు. ప్రత్తి, నూనెగింజలు కొనుటకు పైప్రాంతపు వర్తకులు వచ్చినప్పుడు హాలీకి గిరాకి హెచ్చును. ఉప్పు, బట్టలు కొనితెచ్చుటకు జనులు సరిహద్దు దాటునప్పుడు కల్దారుకు గిరాకి హెచ్చును. నాణెపు వెలకు మూలసూత్రమిదియే: దానిని కోరువారెందరు, ఇచ్చువారెందరు అనునదే. పిమ్మట ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దారులని నిష్పత్తి స్థిరపడెను. అనగా నూరు కల్దారులకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. మనము కట్నముగా నిచ్చు నూటపదహారులకు మూలమిదియే యనువారును కలరు. 1950వ దశకమున హాలీ సిక్కా చెలామణి ముగిసెను.

ఇక సముద్రముల కావలి మారకమును చూతము. రూపాయి వెండిది, ఇంగ్లండు పౌను బంగారముపై నిలిచినది. పౌనుకు 240 పెన్నీలు. జర్మనీ మున్నగు దేశములు వెండిని విడిచి బంగారమును గ్రహించెను. అమెరికా గనులనుండి వెండి వెల్లువగా వచ్చెను. వెండి చౌకయయ్యెను. 1871 ప్రాంతమున సుమారు 23 పెన్నీలు చేయు రూపాయి 1893 నాటికి 15 పెన్నీలకు దిగజారెను. పదిన్నర రూపాయలకు లోపుగా దొరకిన పౌనుకు పదునారు రూపాయలు పెట్టవలసి వచ్చెను. పింఛనులకు, అప్పుల వడ్డీలకు, సైన్యపు వ్యయములకు ఏటేట పౌనులను లండనులో చెల్లించుచుండిన హిందూదేశ ప్రభుత్వముపై భారము పెరిగెను. ఆ భారమంతయు తుదకు పన్ను కట్టు రైతుపైననే పడునది గదా!

హెర్షెల్ సంఘము సలహాపై 1893 జూనులో ప్రభుత్వము టంకసాలలను మూసెను. అంతకు ముందు ఎవరైనను వెండి తెచ్చి రూపాయలుగా ముద్రింపించుకొనవచ్చును, ఇక వీలులేదు. నాణెములు అరుదగుటచే వెల లేచి, 1898 నాటికి 16 పెన్నీలకు చేరెను. వెండి వెల పడుచుండగా వెండి రూపాయి వెల పెరుగుట విచిత్రమే. నాణెపు వెల లోహమును మాత్రమే బట్టి యుండదనియు, దాని రాశిని అదుపు చేయువారిని బట్టియు నుండుననియు దీనివలన తేలుచున్నది.

అయితే ప్రభుత్వమైనను తలచిన వెలనెల్ల నిలుపలేదు. మొదటి ప్రపంచయుద్ధమున వెండి వెల మిక్కిలి పెరిగెను. 1920లో రూపాయికి రెండు షిల్లింగులు, అనగా 24 పెన్నీలు, అని కట్టుబాటు చేసిరి. ఆ సంఘమున దలాల్ గారొక్కరే దీనికి అసమ్మతి తెలిపిరి. వెలను నిలుపుటకై ప్రభుత్వము లండనులో చెల్లు పౌను హుండీలను ఇచ్చట చౌకగా అమ్మెను. కొన్నవారు లాభపడిరి, ఖజానా నష్టపడెను. ఆ యేడు సెప్టెంబరులో అమ్మకము మానుకొనిరి. మరుసటి యేట రూపాయి 16 పెన్నీలకును దిగువకు జారెను. రెండు షిల్లింగుల మాటను నమ్మి విదేశపు బట్టకు బేరము కుదుర్చుకొన్న వర్తకులు పలువురు చిక్కులపాలైరి.

1926లో హిల్టన్ యంగ్ సంఘము 18 పెన్నీల వెలను సిఫారసు చేసెను. సర్ పురుషోత్తమదాస్ ఠాకూర్‌దాస్ గారు 16 పెన్నీలే యుండవలెనని వాదించిరి. రెండు పెన్నీలకై యింత వాదమేల యని తోచవచ్చును. లెక్క చూడుడు. లండనులో ఒక పౌను పలికిన వేరుసెనగకు 16 పెన్నీల వెలచొప్పున 15 రూపాయలు వచ్చును. 18 పెన్నీల వెలచొప్పున 13 రూపాయల 5 అణాల 4 పైలు మాత్రమే వచ్చును. పంట అదియే, తూకము అదియే. శిస్తును, అప్పును తగ్గవు. ధరలు ఇదివరకే సర్దుకొన్నవని ప్రభుత్వ పక్షమువారు చెప్పిరి. 1927లో 18 పెన్నీల వెలయే శాసనమయ్యెను. రెండేండ్లలో ప్రపంచమంతట ధరలు కూలెను. 1931 తరువాత పల్లెలలోని స్త్రీల మెడలనుండి దిగిన బంగారము ఓడలలో విదేశములకు తరలిపోయెను.

స్వాతంత్ర్యము వచ్చిన పిమ్మటను కట్టుబాటు వెలలే సాగెను. 1949లో డాలరుకు 4 రూపాయల 76 పైసలు. 1966 జూన్ 6న అది 7 రూపాయల 50 పైసలయ్యెను. 1991 జూలైలో రెండు విడతలుగా రూపాయి వెలను తగ్గించిరి. 1993 మార్చినుండి వెలను బజారునకే విడిచిరి. అనగా ఎగుమతిదారులును, విదేశములనుండి ఇంటికి సొమ్ము పంపు మన పిల్లలును డాలర్లను తెచ్చువారు. చమురు, బంగారము కొనువారు వానిని కోరువారు. బ్యాంకులు తమలో తాము అమ్ముకొనుచు కొనుచు నుండగా క్షణక్షణము వెల యేర్పడును. ఒడుదుడుకులు మితిమీరినప్పుడు రిజర్వు బ్యాంకు తన నిలువతో నడుమకు వచ్చును.

ఇక షరాబును ఎన్నుకొనుట మిగిలినది. నాడు అతని అంగడి మన కంటియెదుట నుండెను. నేడు దళారి చేతిఫోనులో కనబడును, ఊరు పేరు తెలియదు. కావున మొదట అడుగవలసినది ఒక్కటే: ఇతనికి అనుమతి యెవరిచ్చిరి? విదేశద్రవ్యమును మార్చువారికి 1999 నాటి చట్టము ననుసరించి రిజర్వు బ్యాంకు అనుమతి యుండవలెను. అనుమతి లేని వేదికల పేర్లతో ఆ బ్యాంకు 2022నుండి హెచ్చరికపట్టిక ప్రకటించుచున్నది. అయితే పట్టికలో పేరు లేనంత మాత్రమున అనుమతి యున్నట్లు కాదు. అనుమతి లేనిచోట వ్యాపారము చేసినవారును చట్టము ఎదుట దోషులగుదురు.

రెండవది: కొను వెల, అమ్ము వెల రెండును అడుగవలెను. రుసుము లేదని చెప్పువాడు ఆ రెంటి నడుమ తన కూలిని దాచును. మూడవది: రసీదు లేక సొమ్ము ఇయ్యరాదు, పరాయి మనుష్యుని స్వంత ఖాతాకు పంపరాదు. నాలుగవది: పదివేలు పెట్టిన పదిలక్షల వ్యాపారము చేయింతునను వాని మాట వినరాదు. నూరు రెట్ల బేరమున వెల నూటికి ఒక్క పాలు ఎదురు తిరిగిన పెట్టిన సొమ్మంతయు పోవును. 1920లో సర్కారే నిలుపలేని వెలను, రేపు ఇంత యగునని యొక దళారి రూఢిగా చెప్పుచున్నాడనిన, వాడెట్టివాడో మీరే గ్రహింతురు.

ఊరి యువకుడు పొలము తాకట్టు పెట్టి ఇట్టి బేరమునకు పూనుకొనినచో మొదట వచ్చునది మీ అరుగుమీదికే. అప్పుడు వానిని కోపించక, కూర్చుండబెట్టి, 13 రూపాయల 5 అణాల లెక్కను ఒకసారి వేసి చూపుడు. మారకపు వెల తరుగుదలను తుదకు భరించినవాడు పొలమున నిలిచినవాడేయని వాడు తెలిసికొనును.