పృచ్ఛకుని తూకం: అవధాన సభలో ప్రశ్నల ఎంపిక

అవధాన సభలో అవధాని పేరు నిలిచినంతగా పృచ్ఛకుని, అంటే ప్రశ్న సంధించే పండితుని పేరు నిలవదు గాని, సభ రక్తి కట్టడం సగానికి సగం అతడు ఎన్నుకున్న ప్రశ్న బరువు మీదనే ఆధారపడుతుంది. 19వ శతాబ్దిలో మాడభూషి వేంకటాచార్యులు వంటివారి చేతిలో నేటి రూపం దిద్దుకొన్న ఈ విద్యను తిరుపతి వేంకట కవులు, అనగా దివాకర్ల తిరుపతి శాస్త్రి, చెళ్లపిళ్ల వేంకట శాస్త్రి, గద్వాల, ఆత్మకూరు వంటి సంస్థానాలకూ పట్టణ సభలకూ తీసుకువెళ్లడంతో, అవధానితో పాటు పృచ్ఛకుని పాత్ర కూడా ప్రాధాన్యాన్ని సంతరించుకొన్నది.

అష్టావధానంలోని ఎనిమిది అంశాలలో ప్రధానమైన సమస్యాపూరణంలో, పృచ్ఛకుడు అసంబద్ధంగానో అనుచితంగానో తోచే ఒక పద్యపాదాన్ని ఇవ్వగా, అవధాని మిగిలిన మూడు పాదాలతో దానికి సంగతమైన అర్థాన్ని కల్పించవలసి ఉంటుంది. ఇచ్చిన పాదపు గణాలను బట్టి ఛందస్సు, రెండవ అక్షరాన్ని బట్టి ప్రాస నిర్ణయమైపోతాయి కనుక, పృచ్ఛకుడు భావం జోలికి పోకుండానే, అరుదైన సంయుక్తాక్షరాన్ని ప్రాసస్థానంలో నిలిపి ప్రశ్నను కఠినం చేయగలడు.

దత్తపదిలో, అనగా ఇచ్చిన నాలుగు పదాలను కోరిన వస్తువులో ఇమిడ్చే అంశంలో, ఈ తూకం మరింత స్పష్టంగా కనిపిస్తుంది. భారత కథకు అన్వయించమని వాహనాల పేర్లు ఇచ్చినప్పుడు, 'కారు' అన్నది తెలుగు వ్యతిరేక క్రియగా ఒదుగుతుంది, 'లారీ' అన్నది 'లీలారీతి' వంటి సమాసంలో దాగుతుంది, 'బస్సు'కు మాత్రం అంత సులభంగా దారి దొరకదు. అవధాని పలికిన ప్రతి అక్షరం తరువాత రాగల అక్షరాన్ని ఊహించి వద్దనే నిషిద్ధాక్షరిలోనైతే, పృచ్ఛకునికి అవధానితో సమానమైన పదసంపద లేనిదే ఆట సాగదు. అందుకే కొన్ని సభలలో నిషేధాన్ని మొదటి రెండు పాదాలకే పరిమితం చేసి, మిగిలిన పద్యాన్ని అవధాని ఇష్టానికి విడిచిపెడతారు. ఎదురుమాటలతో ఏకాగ్రతను చెదరగొట్టే అప్రస్తుత ప్రసంగంలో చమత్కారం ఎంత అవసరమో, అవధాని ధారను పూర్తిగా తెంచని నిగ్రహం కూడా అంతే అవసరం.

ఇటువంటి తూకాన్ని అంకెలలో పెట్టే ప్రయత్నం పాశ్చాత్య దేశాలలో బల్ల చుట్టూ కూర్చుని ఆడే పాత్రధారణ క్రీడలలో జరిగింది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో వెలువరించిన 'డంజన్స్ అండ్ డ్రాగన్స్'లో ఆటను నడిపే వ్యక్తి, నేలమాళిగలో లోతు పెరిగేకొద్దీ బలమైన శత్రువులను నిలిపేవాడు. 2000లో వచ్చిన మూడవ కూర్పు ప్రతి శత్రువుకూ ఒక కాఠిన్యాంకాన్ని కేటాయించి, ఆ అంకం నలుగురు ఆటగాళ్ల స్థాయికి సమానమైతే, పోరులో వారి శక్తిసాధనాలలో సుమారు ఐదవ వంతు ఖర్చవుతుందని లెక్కగట్టింది.

దిల్‌సుఖ్‌నగర్ శిక్షణ కేంద్రాలలో అభ్యర్థులు సాధన చేసే పోటీ పరీక్షల ప్రశ్నపత్రం కూడా కాఠిన్యాన్ని కొలిచి కూర్చేదే అయినా, దాని లక్ష్యం పరిమితమైన స్థానాలకు ఎక్కువమందిని వడపోయడం. అవధాన ప్రశ్న లక్ష్యం ఎదుటివాని ప్రతిభ సభకు వెల్లడి కావడం. పృచ్ఛకుడు తానిచ్చే సమస్యకు తన పూరణను ముందే సిద్ధం చేసుకొని రావాలన్న సంప్రదాయం ఈ భేదాన్ని కాపాడుతూ వచ్చింది. తానే పూరించలేని సమస్యను తెచ్చినవాడు అవధానిని ఓడించగలడేమో గాని, మంచి పృచ్ఛకుడు మాత్రం అనిపించుకోలేడు.