స్పుత్నిక్ తెచ్చిన తెలుగు కొలువు

అమెరికా విశ్వవిద్యాలయాల్లో తెలుగు చెప్పే ఉద్యోగం మనం ఇక్కడికొచ్చి అడిగితే పుట్టింది కాదు. మనలో చాలామంది రాకముందే, మనతో సంబంధం లేని కారణాలతో దానికి దారి ఏర్పడింది.

1957 అక్టోబరులో రష్యా స్పుత్నిక్‌ను ఆకాశంలోకి పంపింది. తాము వెనకబడ్డామన్న కంగారులో అమెరికా 1958లో జాతీయ రక్షణ విద్యా చట్టం చేసింది. అందులో 'టైటిల్ సిక్స్' అనే భాగం విదేశీ భాషలది. దేశానికి అవసరమై ఉండీ నేర్పేవారు చాలని భాషలకు కేంద్రాలు పెడితే, ఖర్చులో సగందాకా ప్రభుత్వం ఇచ్చేది. మొదటి వరసలో ఎంచిన ఆరింటిలో మన దేశం నుంచి చోటు దొరికింది హిందీ-ఉర్దూకే. అయినా దక్షిణాసియా శాఖలు బలపడ్డకొద్దీ వాటి నీడన తెలుగూ నిలదొక్కుకుంది. పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు లీ లిస్కర్ రాసిన వాడుక తెలుగు వాచకం 1963లో వెలువడింది.

మరి గ్రంథాలయంలో పుస్తకాలో? 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా తన మిగులు గోధుమలను మనకు రూపాయలకే అమ్మింది. ఆ రూపాయలతో లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ 1962 నుంచి మన భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకు పంపింది. మన ఇళ్ళలో రొట్టెలైన గోధుమలే ఇక్కడి అలమరల్లో తెలుగు పుస్తకాలయ్యాయన్నమాట!

1971లో వేల్చేరు నారాయణరావు గారు విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి వచ్చారు. అక్కడ దశాబ్దాలపాటు భాష నేర్పుతూనే పరిశోధనా చేశారు. అక్కడే చదివిన ఫిలిప్ వాగనర్ మన 'రాయవాచకము'ను అనువదించి, విశ్లేషించి 1993లో ప్రచురించారు. తెలుగు రానివాడు విజయనగర చరిత్రలోకి ఎంత దూరం వెళ్ళగలడు? ఒక్క ఉద్యోగం ఉంటే ఇంత జరుగుతుంది.

ఇలాంటి కొలువులు సాధారణంగా రెండు రకాలు. లెక్చరరుది భాష నేర్పే పని. చాలాచోట్ల అది కొన్నేళ్ళ ఒప్పందం. తరగతిలో పిల్లలు తగ్గితే దానికి గండమే. ఆచార్య పదవికి డాక్టరేటు, పరిశోధన కావాలి. అయితే ఆ పదవి చాలాసార్లు 'దక్షిణాసియా' పేరుతోనే ఉంటుంది. తెలుగు ఆచార్యుడు రిటైరైతే, తర్వాతి ప్రకటనలో తెలుగు మాట ఉండాలని నియమమేమీ లేదు.

ప్రభుత్వం డబ్బు మీద భరోసా ఎంత? 2011లో టైటిల్ సిక్స్ నిధులకు భారీ కోత పడింది. మన పొరుగువారు ఇంకో దారి పట్టారు. హార్వర్డులో తమిళ పీఠం కోసం 60 లక్షల డాలర్లు కావాలంటే, ప్రపంచమంతటా చందాలు పోగుచేసి 2018 నాటికి సమకూర్చారు. శాశ్వత నిధి అంటే అసలు కదలదు. ఏటా నూటికి నాలుగైదు వంతులు తీసి జీతమిస్తారు. ఆచార్యులు మారినా పీఠం ఆ భాషదే.

అంత మొత్తం ఒక్కరివల్ల అయ్యే పని కాదు. కానీ కాలేజీకెళ్ళే మన అమ్మాయో అబ్బాయో, అక్కడ తెలుగు తరగతి ఉంటే, ఒక్క సెమిస్టరైనా చేరవచ్చు. వచ్చే ఏడు తరగతి ఉంచాలా, ఎత్తేయాలా అని లెక్క చూసేవారికి ఆ ఒక్క పేరూ లెక్కలోకి వస్తుంది.