మైలేజీ ట్యూనింగు

మా నాన్నగారి ఆరెక్స్ 100 రోలుగుంటలో మా ఇంటి వసారాలో ఇంకా ఉంది. ఇప్పటికి రెండుసార్లు దాని ఇంజను పట్టేసింది. మొదటిసారి 2004లో, నాన్నగారు మైలేజీ కోసం ట్యూనింగ్ చేయించాక. రెండోసారి 2016లో, నేను స్పీడు కోసం చేయించాక. ఆయన కోరిందొకటి, నేను కోరింది సరిగ్గా దానికి వ్యతిరేకం. కానీ రెండుసార్లూ ఇంజన్ని చంపింది ఒకటే. ఆ సంగతి తెలిసేసరికి మా వీధి చివర కిరాణా కొట్టు మావయ్యతో మా ఇంట్లో పన్నెండేళ్ళుగా మాటల్లేవు. అది తర్వాత చెప్తాను. ముందు కాస్త చరిత్ర.

ట్యూనింగ్ అనగానే మనలో చాలామందికి గుర్తొచ్చేది సైలెన్సర్ మార్చి వీధంతా లేపే కుర్రాళ్ళు. నిజానికి ఆ వంకర సైలెన్సర్ వెనకాల ఒక సినిమాకి సరిపడా కథ ఉంది. తూర్పు జర్మనీలో వాల్టర్ కాడెన్ అని ఒక ఇంజనీరు. రెండో ప్రపంచ యుద్ధంలో పీనెముండేలో జర్మన్ ఆయుధాల మీద పనిచేసిన మనిషి. 1950లలో ఎంజెడ్ అనే మోటార్‌సైకిల్ కంపెనీలో రేసింగ్ విభాగం చూసేవాడు. అప్పటికి టూ స్ట్రోక్ అంటే పొగ బండి, పేదవాడి బండి. దాంట్లో వాల్వులుండవు, సిలిండర్ గోడలో ఉన్న పోర్టుల్ని పిస్టనే తెరుస్తూ మూస్తూ ఉంటుంది. దాంతో కొత్తగా లోపలికొచ్చిన పెట్రోలు, గాలి కొంత కాలకుండానే సైలెన్సర్లోకి జారిపోతాయి. కాడెన్ ఏం చేశాడంటే, సైలెన్సర్ని కప్పని మింగిన పాములాగా మధ్యలో లావుగా, చివర సన్నగా చేశాడు (ఆ ఆలోచన అంతకు ముందూ ఉంది, లెక్క తేల్చింది ఈయన). పొగతో పాటు పోయే ఒత్తిడి అల ఆ సన్నటి చివర తగిలి వెనక్కొస్తుంది. వచ్చి, పారిపోతున్న పెట్రోలుని మళ్ళీ సిలిండర్లోకి నెడుతుంది. 1961కల్లా ఆయన 125 సీసీ ఇంజను 25 హార్స్ పవర్ ఇచ్చింది. లీటరుకి లెక్కేస్తే 200!

ఆ ఏడాదే ఆయన రైడర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్లో రేసు మధ్యలో ఇంజను పోగొట్టుకుని, అట్నించి అటే పారిపోయి సుజుకిలో చేరాడు. కాడెన్ రహస్యాలు కూడా ఆయనతోనే వెళ్ళాయి. 1962లో సుజుకి 50 సీసీలో ప్రపంచ ఛాంపియన్, రైడరు డెగ్నరే. మనం ఉద్యోగం మారేటప్పుడు సంతకం పెట్టే కాగితాలు ఆ రోజుల్లో లేవు లెండి.

ఆ తర్వాత జపాన్ కంపెనీలన్నీ టూ స్ట్రోక్‌ని ఎక్కడికో తీసుకెళ్ళాయి. మనకి మాత్రం 1980ల దాకా ఆ గాలి పెద్దగా తగల్లేదు. పోలండ్ డిజైనుతో 1962 నించి వచ్చిన రాజ్‌దూత్, మైసూర్లో తయారైన జావా, యెజ్డీ.. ఇవే మన టూ స్ట్రోకులు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోసుకోవడం, నెలకోసారి సైలెన్సర్ విప్పి మసి కాల్చడం, ఇంతే ట్యూనింగ్.

1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహా ఆర్‌డి 350ని ఇక్కడ తయారు చేయడం మొదలెట్టారు. జపాన్లో ఆ బండి 39 హార్స్ పవర్. మనకిచ్చింది 30 చిల్లర. అదీ ఎక్కువ తాగుతోందని 27తో ఇంకో రకం. రెండిటికీ హెచ్‌టీ, ఎల్‌టీ అని పేర్లు. గమనించారా, మన దేశంలో వచ్చిన మొదటి నిజమైన స్పీడు బండికి ఫ్యాక్టరీ వాళ్ళే వెనక్కి ట్యూనింగ్ చేశారు, మైలేజీ కోసం. అయినా మనవాళ్ళకి ఆ మైలేజీ ఆనలేదు. 1990 నాటికి ఆ బండి కథ అయిపోయింది.

1985లో ఒకే ఏడాది రెండు బండ్లొచ్చాయి. ఆ రెండూ కలిసి మా ఇంటి కథ నడిపాయి. ఒకటి యమహా ఆరెక్స్ 100. 98 సీసీ, 11 హార్స్ పవర్, బరువు వంద కిలోలకి అటూ ఇటూ. ఆయిలు పెట్రోల్లో కలపక్కర్లేదు, విడిగా పోస్తే పంపు చూసుకుంటుంది. రెండోది హీరో హోండా సీడీ 100. ఫోర్ స్ట్రోకు. లాగుడు తక్కువ, కానీ లీటరుకి 80 కిలోమీటర్లని ఊరూరా పాకిపోయింది. ఆ 80 అనే అంకె టూ స్ట్రోక్ ఉన్న ప్రతి వాడి గుండెలోనూ ముల్లై కూర్చుంది. ఆరెక్స్ నలభై, నలభై అయిదు ఇస్తే గొప్ప. దాన్ని 60 చెయ్యమని మెకానిక్కుల్ని వేపుకు తినడం అప్పుడే మొదలైంది. మద్రాసు దగ్గర షోలవరం పాత ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులాడే వాళ్ళకి ట్యూనింగ్ అంటే స్పీడు. మా నర్సీపట్నం, చోడవరం షెడ్లలో ట్యూనింగ్ అంటే మైలేజీ.

మైలేజీ ఎలా పెంచుతారు? కార్బొరేటర్లో ఒక సూది ఉంటుంది, దానికి నాలుగైదు గాట్లు. గాట్లో చిన్న క్లిప్పు. క్లిప్పుని అన్నిటికన్నా పై గాట్లో పెడితే సూది కిందికి దిగి పెట్రోలు తగ్గిపోతుంది. ఇంకా కావాలంటే మెయిన్ జెట్ చిన్నది వేస్తారు. కాగితం మీద లెక్క ఏంటంటే, ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా కాలడానికి 14.7 గ్రాముల గాలి కావాలి. కానీ గాలికి మాత్రమే చల్లారే టూ స్ట్రోక్ ఇంజనుకి అంతకంటే కాస్త ఎక్కువ పెట్రోలే పోస్తారు. ఆ ఎక్కువది వృథా కాదు, లోపల వేడిని అది లాక్కుపోతుంది. మైలేజీ ట్యూనింగ్ కోసేసేది ఆ ఎక్కువనే. చదును రోడ్డు మీద నెమ్మదిగా పోతే ఏమీ కాదు, నిజంగానే మైలేజీ వస్తుంది. బరువుతో ఎత్తెక్కితే పిస్టన్ ఉబ్బి సిలిండర్‌ని పట్టేస్తుంది.

మా నాన్నగారికి ఎత్తే ఎక్కాల్సి ఉండేది. చింతపల్లి వైపు ఏజెన్సీలో టీచరు. సోమవారం చీకటితో లేచి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఘాట్ ఎక్కడం, శనివారం దిగడం. బండి 2001లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. జీతం సంగతి తెలిసిందే. వారంవారం ఆ తిరుగుడు. ఎవరో చెప్తే ఒక షెడ్డులో (ఏ ఊరో, ఎవరిదో ఎందుకులెండి) మైలేజీ ట్యూనింగ్ చేయించారు. మెకానిక్ "ఏటి మేష్టారూ, యాభై ఐదు రాపోతే నన్నడగండి" అన్నాడట. వచ్చింది కూడా. నాన్నగారు ఓ నోటు పుస్తకంలో లీటర్లూ కిలోమీటర్లూ రాసుకునేవారు, మురిసిపోతూ.

2004లో ఒక సోమవారం, వెనక బియ్యం బస్తా, ఘాట్లో మూడో గేరు. కీచుమని ఒక చప్పుడు, వెనక చక్రం బిగుసుకుపోయింది. ఆ క్షణంలో క్లచ్ పట్టేస్తే చక్రం వదులుతుంది. ఆ సంగతి నాన్నగారికి ఎవరూ చెప్పలేదు. పడ్డారు. ఎడమ మణికట్టు విరిగింది. ఎత్తులో కాబట్టి స్పీడు లేదు, బతికిపోయారు. నాకప్పుడు ఏడేళ్ళు. ఆ కట్టుతో ఆయన బోర్డు మీద రాసే చెయ్యి కుడిది కదా, పరవాలేదులే అని నవ్వడం గుర్తుంది.

నింద ఎవరి మీద పడిందంటే, కొట్టు మావయ్య మీద. ఆ రోజుల్లో కొట్లలో పెట్రోలు సీసాల్లో అమ్మేవారు, దాంట్లో కిరోసిన్ కలుపుతారని అందరికీ అనుమానమే. రేషన్ కిరోసిన్‌కి నీలం రంగు కలిపేది కూడా ఈ కల్తీల భయానికే. కిరోసిన్ కలిస్తే ఇంజను టకటకా కొట్టుకోవడం, వేడెక్కడం నిజమే. ఆ ముందురోజు నాన్నగారు పెట్రోలు పోయించుకుంది అక్కడే. "నీ కక్కుర్తికి నా పేనం పోయేది" అని నలుగురి ముందూ అనేశారు. అంతే, మాటలు బంద్. సిలిండర్‌కి బోరింగ్ చేయించి, పావు మిల్లీమీటరు పెద్ద పిస్టన్ వేయించి బండి మళ్ళీ ఎక్కారు, కొన్నాళ్ళకి ట్రాన్స్‌ఫర్ మీద కిందికి వచ్చేశారు. ఘాట్ లేకపోవడంతో బండి బాగానే నడిచింది.

ఇంక నా ఘనకార్యం. 2016, ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. ఆరెక్స్ ఆగిపోయి అప్పటికే ఇరవై ఏళ్ళు, అందుకే దానికి క్రేజు. సెలవుల్లో ఓ స్నేహితుడి సాయంతో హెడ్డు కొంచెం లేతు పట్టించాను (కంప్రెషన్ పెరుగుతుందని), ఎగ్జాస్ట్ పోర్టు ఆకురాయితో పైకీ పక్కకీ పెంచాం, కాడెన్ గారి ముని మనవడిలాంటి సైలెన్సర్ ఒకటి వేశాం. పోర్టు పైకి పెంచితే ఎక్కువ ఆర్‌పీఎంలో పవరొస్తుంది, కింద లాగుడు పోతుంది. పక్కకి మరీ పెంచితే రింగు ఆ ఖాళీలోకి ఉబ్బి అంచుకి తగులుకుంటుంది. ఇవన్నీ తర్వాత చదువుకున్నాను. ముందు చదివి తర్వాత చేస్తే మనం ఇంజనీర్లం ఎలా అవుతాం :-) అసలు చెయ్యాల్సిన పని, మెయిన్ జెట్ పెంచడం, మర్చిపోయాను. నాలుగు రోజులు విమానంలా వెళ్ళింది. అయిదో రోజు కొత్తకోట దాటాక పట్టేసింది. క్లచ్ పట్టాను కాబట్టి నేను పడలేదు.

విప్పితే ప్లగ్గు సుద్దముక్కలా తెల్లగా ఉంది. పెట్రోలు చాలక మాడిన ఇంజనుకి అదే గుర్తు. కార్బొరేటర్ విప్పాను. సూది క్లిప్పు అన్నిటికన్నా పై గాట్లో ఉంది. మా బండి కార్బొరేటర్ మధ్యలో ఎవరూ ముట్టుకోలేదు, బోరింగ్ చేసినవాళ్ళు కూడా. అంటే 2004కి ముందు పెట్టిన మైలేజీ సెట్టింగ్ అలాగే కూర్చునుంది. ఎవడో ఎప్పుడో మార్చిన కాన్ఫిగ్ ఫైలు చూసుకోకుండా దాని మీద కొత్త కోడు ఎక్కించానన్నమాట. మావయ్య కిరోసిన్ కలిపేవాడో లేదో దేవుడికెరుక. ఘాట్లో ఆ బస్తాతో, ఆ క్లిప్పుతో, గంగాజలం లాంటి పెట్రోలు పోసినా ఆ పిస్టన్ పట్టేసేదే.

సూది పట్టుకెళ్ళి నాన్నగారికి చూపించి చెప్పాను. తిప్పి తిప్పి చూశారు. ఏమీ అనలేదు. సాయంత్రం ఉతికిన చొక్కా వేసుకుని కొట్టుకెళ్ళి అగ్గిపెట్టె కొనుక్కొచ్చారు. మా ఇంట్లో గ్యాస్ లైటరుంది. గంటసేపు రాలేదు.

ఇప్పుడు మూడో గండం. 2023 ఫిబ్రవరిలో మొదలై 2025కల్లా దేశమంతా బంకుల్లో ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలే. ఇథనాల్లో ఆక్సిజన్ దాంట్లోనే ఉంటుంది, కాబట్టి ఆ మిశ్రమానికి కావలసిన గాలి 14.7 కాదు, 13.5 దగ్గర. కొత్త బండ్లలో సెన్సరు చూసి కంప్యూటరు సర్దుకుంటుంది. కార్బొరేటర్‌కి ఆ తెలివి లేదు, పాత లెక్కలోనే పోస్తుంది. అంటే ఎవరూ క్లిప్పు ముట్టుకోకుండానే ఇంజనుకి మైలేజీ ట్యూనింగ్ జరిగిపోయినట్టే, అదీ మైలేజీ రాకుండా! పైగా పాత రబ్బరు గొట్టాలు ఉబ్బుతాయి, నెలల తరబడి వాడకపోతే ట్యాంకులో నీరు చేరుతుంది. మాది చెరుకు ప్రాంతం, చోడవరం దగ్గర గోవాడ చక్కెర ఫ్యాక్టరీకి చెరుకు తోలిన ఊళ్ళు. ఇథనాల్ చెరుకు నించీ వస్తుందని తెలిసి దాన్ని తిట్టడానికి నాకు నోరు రాదు.

వచ్చే సంక్రాంతికి వెళ్ళేటప్పుడు ఒకటి, రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్లు, కొత్త పెట్రోలు గొట్టం బ్యాగులో పెట్టుకున్నాను. క్లిప్పు మధ్య గాట్లోకి ఎప్పుడో మార్చేశాను. ఫోన్లో నాన్నగారికి ఇదంతా పావుగంట వివరించాను. అంతా ఓపిగ్గా విని, "అయితే ఎంతిస్తాదిరా లీటరుకి?" అన్నారు.