సుగమ హోటల్ గది

నడవడానికి, మెట్లెక్కడానికి, వంగడానికి, ఎక్కువసేపు నిలబడడానికి ఇబ్బందిపడే ప్రయాణికులు వీలైనంత వరకు ఇతరుల సాయం లేకుండా లోపలికి వచ్చి, పడుకొని, స్నానం, కాలకృత్యాలు ముగించుకొని, ప్రమాదం జరిగితే సురక్షితంగా బయటపడగలిగేలా నిర్దిష్టమైన కొలతలతో నిర్మించిన బస గదిని సుగమ హోటల్ గది అంటారు. చక్రాల కుర్చీ (వీల్‌చైర్) వాడేవారితో పాటు వాకర్, చంకకర్ర, చేతికర్ర సాయంతో నడిచేవారికి, పక్షవాతం నుంచి కోలుకుంటున్నవారికి, మోకాళ్ల నొప్పులున్న వృద్ధులకు, శస్త్రచికిత్స తర్వాత కొంతకాలం కదలిక తగ్గినవారికి కూడా ఇటువంటి గది అవసరమవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో ప్రకటించిన అంచనా ప్రకారం ప్రపంచ జనాభాలో దాదాపు 16 శాతం, అంటే సుమారు 130 కోట్ల మంది, గణనీయమైన వైకల్యంతో జీవిస్తున్నారు. 2011 జనాభా లెక్కల్లో భారతదేశంలో 2.68 కోట్ల మంది దివ్యాంగులుగా నమోదయ్యారు.

గది సుగమమైనదా కాదా అన్నది అందులో అమర్చిన ఏ ఒక్క పరికరాన్ని బట్టీ తేలదు. వాహనం దిగిన చోటి నుంచి గది ద్వారం వరకు, ద్వారం నుంచి పడక వరకు, పడక నుంచి స్నానాలగది వరకు దారి ఎక్కడా తెగకుండా సాగినప్పుడే అక్కడి సదుపాయాలన్నీ వినియోగంలోకి వస్తాయి. ఎంత ఖర్చుపెట్టి అమర్చిన షవరైనా, దాని ముందు నాలుగు అంగుళాల గట్టు ఉంటే చక్రాల కుర్చీలో వచ్చిన అతిథికి లేనట్టే లెక్క. అందుకే ఈ రంగంలోని ప్రమాణాలన్నీ వస్తువుల జాబితాల కంటే కొలతలకూ, ఖాళీ స్థలానికీ, వాటి వరుసకూ ఎక్కువ ప్రాధాన్యం ఇస్తాయి.

చారిత్రక నేపథ్యం

రెండో ప్రపంచ యుద్ధంలో గాయపడి తిరిగివచ్చిన సైనికులు, పోలియో బారినపడి కోలుకున్న యువకులు పెద్దసంఖ్యలో చదువుల్లోనూ ఉద్యోగాల్లోనూ చేరిన తర్వాత, భవనాల్లోని మెట్లు, ఇరుకు ద్వారాలు ఒక సామాజిక సమస్యగా అమెరికాలో చర్చకు వచ్చాయి. ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో టిమొతీ న్యూజెంట్ ఆధ్వర్యంలో సాగిన పరిశోధనల ఆధారంగా 1961లో వెలువడిన ఏ117.1 ప్రమాణం ఈ విషయంలో ఆ దేశపు తొలి జాతీయ ప్రమాణం. అప్పట్లో దాన్ని పాటించడం స్వచ్ఛందమే. 1968 నాటి చట్టం సమాఖ్య ప్రభుత్వ నిధులతో కట్టే భవనాలకు ఈ బాధ్యతను విధించగా, ప్రైవేటు హోటళ్లను ఆ బాధ్యత పరిధిలోకి తెచ్చింది 1990 జులై 26న సంతకమైన అమెరికన్స్ విత్ డిజెబిలిటీస్ యాక్ట్. ఈ చట్టం కింద రూపొందిన 2010 ప్రమాణాలు 2012 మార్చి 15 నుంచి తప్పనిసరి అయ్యాయి; హోటల్ గదుల విషయంలో అత్యంత వివరమైన కొలతలున్న ప్రమాణాల్లో ఇవి ఒకటి. యజమాని స్వయంగా నివసిస్తూ ఐదు గదులకు మించకుండా అద్దెకిచ్చే ఇళ్లకు మాత్రం చట్టం నుంచి మినహాయింపు ఉంది.

ఇదే కాలంలో, స్వయంగా చక్రాల కుర్చీ వాడిన వాస్తుశిల్పి రొనాల్డ్ మేస్ 'యూనివర్సల్ డిజైన్' అనే భావనను ముందుకు తెచ్చారు. ప్రత్యేక వర్గం కోసం ప్రత్యేక నిర్మాణం చేయడానికి బదులు, మొదటి నుంచీ అందరూ వాడుకోగలిగేలా రూపకల్పన చేయాలన్నది దాని సారాంశం. నార్త్ కరోలినా స్టేట్ విశ్వవిద్యాలయంలో ఆయన, ఆయన సహచరులు రూపొందించిన ఏడు సూత్రాలు 1997లో ప్రచురితమయ్యాయి. 2006 డిసెంబరు 13న ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడిక 9వ అధికరణంలో భవనాలు, రవాణా, సమాచారం అందరికీ అందుబాటులో ఉండాలని చెబుతూ, 30వ అధికరణంలో పర్యాటక స్థలాలను కూడా ప్రస్తావించింది. భారతదేశం ఈ ఒడంబడికను 2007 అక్టోబరు 1న ధ్రువీకరించింది.

దారి, ద్వారం

మెట్లకు ప్రత్యామ్నాయంగా కట్టే వాలుదారిని ర్యాంపు అంటారు. దాని వాలు 1:12 నిష్పత్తిని మించకూడదన్నది అమెరికాలోనూ భారతదేశంలోనూ గుర్తించిన పరిమితి. అంటే ఒక అడుగు ఎత్తుకు చేరాలంటే కనీసం పన్నెండు అడుగుల పొడవైన వాలు కావాలి. మూడు మెట్ల ఎత్తు మీద రెండు పలకలు పరిచి ర్యాంపు అనిపించే ఏర్పాటులో, కుర్చీని నెట్టేవారికి భారం పెరగడమే కాక కూర్చున్నవారు వెనక్కి పడే ప్రమాదం కూడా ఉంది.

గది తలుపు పూర్తిగా తెరిచినప్పుడు మిగిలే ఖాళీ అమెరికా ప్రమాణాల ప్రకారం కనీసం 32 అంగుళాలు, అంటే 81.5 సెంటీమీటర్లు ఉండాలి; భారతీయ మార్గదర్శకాలు 90 సెంటీమీటర్లు కోరతాయి. ఇక్కడ లెక్కలోకి వచ్చేది తలుపు చెక్క వెడల్పు కాదు, తెరిచిన తలుపుకూ ఎదుటి ద్వారబంధానికీ మధ్య నిజంగా దొరికే దారి. తలుపును తమవైపు లాక్కోవలసి వచ్చినప్పుడు కుర్చీని పక్కకు జరుపుకోవడానికి గొళ్లెం వైపు మరో 18 అంగుళాల ఖాళీ అవసరమవుతుంది. గడప ఎత్తు అర అంగుళాన్ని మించరాదు. తిప్పి తెరిచే గుండ్రటి పిడికి బదులు, పట్టు లేని చేతితో కూడా కిందికి నొక్కగలిగే పొడవాటి హ్యాండిల్ ఉండాలి.

పడక, గదిలోని అమరిక

కుర్చీని ఒకేచోట పూర్తిగా తిప్పుకోవడానికి సుమారు 5 అడుగుల వ్యాసమున్న ఖాళీ స్థలం కావాలి. అమెరికా ప్రమాణాల్లో ఇది 60 అంగుళాలు, భారతీయ మార్గదర్శకాల్లో 1,500 మిల్లీమీటర్లు. కొందరికి కుడివైపు నుంచి, కొందరికి ఎడమవైపు నుంచి మాత్రమే కుర్చీలోంచి పడక మీదికి మారడం సాధ్యమవుతుంది కనుక, పడకకు రెండు పక్కలా 30 అంగుళాల వెడల్పు, 48 అంగుళాల పొడవు ఉన్న ఖాళీ ఉంచాలని నిబంధన. రెండు పడకలున్న గదిలో వాటి మధ్యనున్న ఒక్క ఖాళీ రెండింటికీ సరిపోతుంది. స్విచ్చులు, ఏసీ నియంత్రణ, తెరల తాడు, బట్టలు తగిలించే కడ్డీ నేల నుంచి 15 నుంచి 48 అంగుళాల మధ్య ఎత్తులో ఉంటే కూర్చున్నవారి చేతికి అందుతాయి.

ఇంత వివరమైన అమెరికా ప్రమాణాలు కూడా పడక ఎత్తును నిర్దేశించలేదు. చక్రాల కుర్చీ ఆసనం సాధారణంగా నేల నుంచి 18 నుంచి 20 అంగుళాల ఎత్తులో ఉంటుంది. పడక దానికి సమానంగా ఉంటే చేతుల బలంతో పక్కకు జరగడం వీలవుతుంది. దళసరి పరుపులు వాడుకలోకి వచ్చాక అనేక హోటళ్లలో పడక ఎత్తు రెండడుగులను దాటడంతో, మిగిలిన కొలతలన్నీ సరిగ్గా ఉన్న గదిలో కూడా అతిథి పడక ఎక్కలేని స్థితి ఏర్పడుతోంది. చేతుల్లోనూ బలం లేనివారిని ఎత్తి పడక మీదికి చేర్చే చిన్న లిఫ్టు యంత్రానికి నేల వెంబడి సాగే రెండు కాళ్లుంటాయి. అవి దూరడానికి మంచం కింద ఖాళీ కావాలి. అడుగు మూసేసిన పెట్టె వంటి మంచాలు ఆ ఖాళీని లేకుండా చేస్తాయి.

స్నానాలగది

కదలిక సమస్య ఉన్న అతిథికి అత్యంత కీలకమైన స్థలం, జారిపడే ప్రమాదం ఎక్కువగా ఉన్న స్థలం స్నానాలగదే. కమోడ్ ఆసనం నేల నుంచి 17 నుంచి 19 అంగుళాల ఎత్తులో, దాని మధ్యరేఖ పక్క గోడకు 16 నుంచి 18 అంగుళాల దూరంలో ఉండాలి. రెండోవైపు కుర్చీ ఆనించుకోవడానికి ఖాళీ వదలాలి. పక్క గోడకు, వెనక గోడకు 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో పట్టుకడ్డీలు అమర్చాలి. ఈ కడ్డీలు 250 పౌండ్ల, అంటే సుమారు 113 కిలోల బలాన్ని తట్టుకోవాలి గనుక వాటిని గోడ లోపలి గట్టి ఆధారానికి బిగిస్తారు; తువ్వాలు ఆరేసే కడ్డీ ఆ భారాన్ని మోయలేదు, దాన్ని పట్టుకొని లేవబోతే ఊడివచ్చే ప్రమాదం ఉంది.

షవర్లలో రెండు రకాలు ప్రధానమైనవి. కుర్చీతో నేరుగా లోపలికి వెళ్లడానికి వీలుగా, ముందు గట్టు లేకుండా కనీసం 30 అంగుళాల లోతు, 60 అంగుళాల వెడల్పుతో కట్టేది మొదటిది. దీన్ని రోల్-ఇన్ షవర్ అంటారు. కుర్చీని బయట నిలిపి, లోపలున్న పీట మీదికి జరిగి స్నానం చేయడానికి 36 అంగుళాల చదరంగా కట్టేది రెండోది, ట్రాన్స్‌ఫర్ షవర్. హోటల్ గదుల్లోని రోల్-ఇన్ షవర్‌లో కూడా మడత పీట ఉండాలని అమెరికా ప్రమాణాలు చెబుతాయి. చేతితో పట్టుకొనే షవర్ గొట్టం కనీసం 59 అంగుళాల పొడవుండాలి, కుళాయి పీట మీద కూర్చున్నవారికి అందాలి. వాష్‌బేసిన్ అంచు 34 అంగుళాల ఎత్తు మించకుండా, కింద మోకాళ్లు దూరేలా ఖాళీగా ఉండాలి.

భారతదేశంలో వీటికి తోడు స్థానికమైన అంశాలున్నాయి. నీళ్లు గదిలోకి రాకుండా స్నానాలగది నేలను పల్లంగా కట్టడం లేదా గుమ్మంలో గట్టు వేయడం చాలా లాడ్జీల్లో కనిపించే పద్ధతి. ఈ ఒక్క గట్టే చక్రాల కుర్చీని ఆపేస్తుంది. నేలను సమంగా ఉంచి, మూలలోని నీటి తూము వైపు స్వల్ప వాలు ఇస్తే గట్టు అవసరం ఉండదు. బకెట్, మగ్గుతో స్నానం చేసే అలవాటున్న చోట బకెట్ పెట్టుకొనే ఎత్తు, కూర్చొనే స్టూలు జారకపోవడం కూడా ముఖ్యమే. కింద కూర్చొనే పద్ధతి మరుగుదొడ్లు మాత్రమే ఉన్న సత్రాలు, చవక లాడ్జీలు మోకాళ్ల నొప్పులున్న యాత్రికులకు ఆ కారణంగానే ఉపయోగపడవు.

గదుల సంఖ్య

అమెరికా ప్రమాణాల ప్రకారం 25 గదుల వరకు ఉన్న హోటల్లో 1, 26 నుంచి 50 గదులున్న చోట 2, 51 నుంచి 75 గదులున్న చోట 4, 76 నుంచి 100 గదులున్న చోట 5 సుగమ గదులు ఉండాలి. 501 నుంచి 1,000 గదులున్న చోట మొత్తంలో 3 శాతం ఉండాలి. ఇక్కడ గమనించవలసిన విషయం, రోల్-ఇన్ షవర్ ఉన్న గది 51 గదుల నుంచే తప్పనిసరి అవుతుంది. అంతకంటే చిన్న హోటల్లోని సుగమ గదిలో స్నానపు తొట్టి మాత్రమే ఉన్నా నిబంధనకు విరుద్ధం కాదు. సుగమ గదులన్నీ ఒకే తరగతిలో కాకుండా వేర్వేరు ధరల, వేర్వేరు పడకల గదుల్లో విస్తరించి ఉండాలి. ఇంగ్లాండులో భవన నిబంధనల మార్గదర్శక పత్రం ప్రతి 20 గదులకు ఒకటి చొప్పున సూచిస్తుంది. జపాన్ 2019 సెప్టెంబరు నుంచి, 50 లేదా అంతకు మించిన గదులతో కొత్తగా కట్టే పెద్ద హోటళ్లలో కనీసం 1 శాతం గదులు ఇలా ఉండాలని నిబంధన మార్చింది; అంతకు ముందు ఒక్క గది ఉంటే సరిపోయేది.

సమాచారం, రిజర్వేషన్

గది ఉన్నా దాని వివరం తెలియకపోతే ప్రయాణికుడు నిర్ణయం తీసుకోలేడు. ఈ కారణంగా అమెరికా న్యాయశాఖ నిబంధనలు హోటళ్లకు కొన్ని బాధ్యతలు విధించాయి: గదిలోని సదుపాయాలను అతిథి తన అవసరానికి సరిపోతాయో లేదో తేల్చుకోగలిగేంత వివరంగా చెప్పడం, అదే తరగతిలోని మిగిలిన గదులన్నీ నిండేవరకు సుగమ గదిని ఇతరులకు ఇవ్వకుండా ఉంచడం, రిజర్వు చేసిన గదినే అతిథికి ఖాయంగా కేటాయించడం. వెబ్‌సైట్లలో ఈ వివరాలు ఇవ్వని హోటళ్ల మీద వచ్చిన అనేక దావాల్లో ఒకటైన అచెసన్ హోటల్స్ వర్సెస్ లాఫర్ కేసు అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. బస చేసే ఉద్దేశం లేనివారు కూడా ఇటువంటి దావా వేయవచ్చా అన్న ప్రశ్నను తేల్చకుండానే, తేల్చవలసిన వివాదం ఇక మిగల్లేదంటూ 2023 డిసెంబరులో కోర్టు దాన్ని ముగించింది. అక్కడి పిల్లల దగ్గరికి వెళ్లే తెలుగు తల్లిదండ్రులు ప్రయాణాల్లో హోటళ్లలో దిగినప్పుడు ఈ నిబంధనలు వారికీ వర్తిస్తాయి.

అత్యవసర నిష్క్రమణ

అగ్నిప్రమాద సమయంలో సాధారణ లిఫ్టులు వాడకూడదు కాబట్టి, పై అంతస్తులోని సుగమ గది అతిథికి అదనపు ప్రమాదం తెచ్చిపెట్టవచ్చు. పొగ, మంట చేరని రక్షిత స్థలాన్ని మెట్ల దగ్గర ఏర్పాటు చేయడం, మెట్ల మీదుగా దించే ప్రత్యేక కుర్చీలు ఉంచడం, ఏ గదిలో ఎవరికి సాయం కావాలో సిబ్బంది ముందే నమోదు చేసుకోవడం దీనికి పరిష్కారాలు. కింది అంతస్తులో గది కేటాయించడం వీటన్నింటికంటే తేలిక.

భారతదేశంలో చట్టం

1995 నాటి చట్టం స్థానంలో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 గుర్తించిన వైకల్యాల సంఖ్యను 7 నుంచి 21కి పెంచి, 2017 ఏప్రిల్ 19న అమల్లోకి వచ్చింది. ప్రజలు వాడే ప్రైవేటు భవనాలను కూడా ఈ చట్టం ప్రజోపయోగ భవనాలుగానే నిర్వచించింది కనుక హోటళ్లు దాని పరిధిలోకి వస్తాయి. 44వ సెక్షన్ ప్రకారం సుగమతా నిబంధనలు పాటించని భవనానికి నిర్మాణ అనుమతి గాని, పూర్తయినట్టు ధ్రువపత్రం గాని ఇవ్వకూడదు. చట్టాన్ని ఉల్లంఘిస్తే తొలిసారి 10 వేల రూపాయల వరకు, ఆ తర్వాత ప్రతిసారీ 50 వేల నుంచి 5 లక్షల రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. కొలతలు 2016 జాతీయ భవన నియమావళిలోనూ, 2021లో కేంద్రం సవరించి వెలువరించిన సమన్వయ మార్గదర్శకాల్లోనూ ఉన్నాయి. హోటళ్లకు నక్షత్ర హోదా ఇచ్చే పర్యాటక మంత్రిత్వశాఖ మార్గదర్శకాలు కూడా దివ్యాంగులకు తగిన గదిని, ఒక మీటరు వెడల్పు ద్వారాన్ని కోరతాయి. అయితే ఆ హోదాకు దరఖాస్తు చేసుకోని లాడ్జీలను ఈ షరతులు తాకవు.

మార్గదర్శకాలు ఎన్ని ఉన్నా వాటిని విధిగా పాటించాలని చెప్పే నియమం బలహీనంగా ఉండడం ప్రధాన లోపంగా తేలింది. బహిరంగ స్థలాల సుగమతపై దాఖలైన రాజీవ్ రాతూరి కేసులో సుప్రీంకోర్టు కోరిక మేరకు, హైదరాబాద్‌లోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయానికి చెందిన వైకల్య అధ్యయన కేంద్రం దేశంలోని పరిస్థితి మీద నివేదిక సమర్పించింది. దాన్ని పరిశీలించిన కోర్టు, 2016 చట్టం కింద రూపొందిన 2017 నియమాల్లోని 15(1)వ నియమం కేవలం సలహాల స్థాయిలోనే ఉండిపోయి మూల చట్టానికి విరుద్ధంగా ఉందని 2024 నవంబరు 8న తీర్పు చెప్పింది. తప్పక పాటించవలసిన కనీస ప్రమాణాలను వేరుచేసి మూడు నెలల్లో నిర్దేశించాలని కేంద్రాన్ని ఆదేశించింది. ద్వారం వెడల్పు, గడప ఎత్తు, పట్టుకడ్డీల బలం వంటివి ఒక్కొక్క యజమాని ఇష్టానికి వదిలే విషయాలు కావని, వాటిని చట్టబద్ధమైన కనీస కొలతలుగా నిర్ణయించడం ప్రభుత్వ బాధ్యత అని ఈ తీర్పుతో స్పష్టమైంది.