సబ్బు మీద పూసిన చవుడు

ఇంట్లో సబ్బు చేసుకునేవాళ్లకు ఎదురయ్యే చిక్కుల్లో రెండు మరీ పాతవి. అచ్చులోంచి తీసిన బిళ్ల మీద రెండు రోజుల్లో తెల్లటి పొడి తేలుతుంది. లేదంటే బిళ్ల ఎంతకీ గట్టిపడక వేలు పెడితే దిగిపోతుంది. తప్పంతా నూనెల పాళ్లదేనని అనుకోవడం మామూలు. సబ్బు చరిత్రను అడిగితే మాత్రం అది ముందు క్షారాన్నీ, తర్వాత నీటినీ పట్టుకుంటుంది. తెల్లపొడినే చూడండి. నూనెతో ఇంకా కలవని కాస్టిక్ సోడా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి సోడియం కార్బొనేట్‌గా మారి పైకి తేలుతుంది, అంతే. ఎండాకాలంలో చవుడు నేలల మీద తెల్లగా పేరుకునేదాంట్లోనూ, రజకులు చాకిబానలో బట్టలతో పాటు ఉడికించిన చవుడు మట్టిలోనూ మురికిని విడగొట్టే సరుకు ఇదే. మన ఊళ్లలో సబ్బు లేకుండానే బట్టలు ఉతికిన పదార్థం ఇవాళ సబ్బు మీద కనిపిస్తే లోపమైపోయింది. నీళ్లు తగిలితే కరిగిపోయే లోపం అది.

పాత సబ్బుగాళ్లకు దొరికిన క్షారాలు రెండు. అడవి కట్టె కాల్చిన బూడిదలో ఎక్కువగా ఉండేది పొటాష్. ఉప్పునేలల్లో, సముద్రపు ఒడ్డున పెరిగే మొక్కల బూడిదలో ఉండేది సోడా. యవల బూడిద నుంచి తీసిన పొటాష్ రకం యవక్షారం వేరు, సోడా రకం సర్జికాక్షారం వేరు అని ఆయుర్వేద గ్రంథాలు ముందే పేర్లు పెట్టాయి. ఐరోపాలో ఈ రెంటి తేడాను రసాయనపరంగా తేల్చింది 1736లో ఫ్రెంచి శాస్త్రవేత్త దుహామెల్ ద్యు మోన్సో. శాస్త్రం తేల్చేలోపే చేతులకు తెలిసిపోయింది. ఆలివ్ నూనె గిన్నెలో పోస్తే పారే నూనె, పేరుకునే కొవ్వు కాదు. దాన్నే పొటాష్‌తో కాచితే ముద్దలాంటి సబ్బు వస్తుంది, సోడాతో కాచితే కోసి పేర్చదగ్గ ఇటుక వస్తుంది. నూనె ఒకటే, మారింది బూడిద. అందుకే గట్టి సబ్బుకు పేరుమోసిన ఊళ్లన్నీ సోడా బూడిద అందుబాటులో ఉన్నవే. పాలస్తీనాలోని నాబ్లుస్‌కు దాన్ని జోర్డాన్ నది తూర్పు నుంచి బెదూయిన్లు మోసుకొచ్చేవారు. స్పెయిన్‌లో అలికాంతే తీరపు మొక్కల బూడిద బారిల్లా పేరుతో దేశదేశాలకు ఓడలెక్కింది. వలసకాలపు అమెరికాలో పొయ్యి బూడిదనే నమ్ముకున్న ఇళ్లలో సబ్బు పీపాలో ఉండేది, గరిటెతో తీసుకునేవారు. ఆ ఇల్లాళ్లకు పనితనం తక్కువని ఎవరైనా అనగలరా? బూడిదనీటిలో కోడిగుడ్డు తేలిన తీరు చూసి ఘాటు లెక్కకట్టినవాళ్లు వాళ్లు.

గట్టిదనం బూడిదదే అన్న మాటకు అడ్డు చెప్పే సాక్షి రోమన్ రచయిత ప్లినీ. గాల్ ప్రాంతంవాళ్లు మేక కొవ్వు, బీచ్ చెట్టు బూడిదతో సబ్బు చేస్తారనీ, అందులో చిక్కనిదీ పలచనిదీ రెండు రకాలనీ ఆయన రాశాడు. బీచ్ బూడిద పొటాషే కదా, మరి చిక్కనిదెలా వచ్చింది? మేక కొవ్వు అసలే గట్టిది కనుక ముద్ద బిగిసి ఉంటుంది. అయితే చిక్కదనం వేరు, బిళ్లగా నిలిచే గట్టిదనం వేరు. పైగా ఆయన చెప్పింది జుట్టుకు ఎర్రరంగు తెచ్చుకునే మందు గురించి. ఇంతకంటే బలమైన అభ్యంతరం ఉప్పుది. పొటాష్ సబ్బు ఉడుకుతుండగా ఉప్పు వేస్తే పాలు విరిగినట్టు విరిగి, సబ్బు గట్టి తెట్టెగా పైకి తేలుతుంది. అప్పుడు సముద్రపు బూడిద లేకపోయినా పని జరిగినట్టేగా అంటారు. నిజమే, కానీ ఉప్పులోంచి వచ్చి పొటాషియం చోట చేరేది సోడియమే కాబట్టి ఈ అభ్యంతరం నా మాటకే బలం. ఉప్పు మీద భారీ పన్ను ఉన్న ఫ్రాన్సులో ఆ దారి చవకైనదేమీ కాదు. 1775లో ఫ్రెంచి సైన్స్ అకాడమీ ఉప్పు నుంచి సోడా తీసేవారికి బహుమానం ప్రకటించింది. 1791లో నికొలా లెబ్లాంక్ ఆ పద్ధతికి పేటెంటు పొందాడు. సబ్బు అప్పటినుంచి ఒడ్డు మొక్కల చేతుల్లోంచి జారడం మొదలైంది. నూనెకు పాత్రే లేదనడం లేదు. కొబ్బరినూనె సబ్బు త్వరగా బిగుస్తుంది. నిల్వలో పుట్టే నారింజరంగు చుక్కలు నూనె ముక్కిపోవడం వల్లనే. కానీ అవి రెండో మెట్టు లెక్కలు.

ఇక నీరు. ఇప్పుడు బజారులో కొనేది శుద్ధమైన కాస్టిక్ సోడానే కాబట్టి బూడిద చిక్కు తీరింది, అయినా బిళ్ల మెత్తబడుతోందంటే ఎక్కువగా అడగాల్సింది దాన్ని ఎన్నాళ్లు ఆరనిచ్చారని. నాబ్లుస్‌లో సబ్బుముక్కల మధ్య గాలి ఆడేలా మనిషిని మించిన ఎత్తున గుండ్రటి గోపురాలు పేర్చి నెలల తరబడి ఆరబెట్టేవారు. 1688లో ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ శాసనం మార్సెయ్ నగరంలో ఆలివ్ నూనె తప్ప వేరే కొవ్వు వాడొద్దన్నది అందరూ చెప్పుకుంటారు. జూన్, జులై, ఆగస్టు నెలల్లో సబ్బు కాయడమే మానేయాలని కూడా అందులో ఉంది, వేసవి వేడికి సరుకు చెడుతుందని. పోటీదారులను అదుపు చేసే ఎత్తు కూడా అందులో లేకపోలేదు. అయినా ఏ నెలలో కాయాలో రాజు చెప్పాల్సి వచ్చిందంటే వేడిలో సబ్బును చెడకుండా నిలబెట్టే కష్టం ఎంతటిదో ఊహించవచ్చు.

సబ్బు ఒంటిమీది మచ్చ లోపమేనా అన్న ప్రశ్నకు జవాబు కూడా మార్సెయ్‌లోనే దొరుకుతుంది. అక్కడి సోడా బూడిదలో ఉన్న గంధకం, ఇనుము కలిసి సబ్బులో నీలి-బూడిదరంగు చారలు కట్టేవి. పైభాగం గాలికి ఎర్రబారేది. చూపుకు ఇది మురికే. కొనేవాళ్లు మాత్రం చారల సబ్బునే నమ్మారు. ముద్ద చిక్కగా ఉంటేనే ఆ రంగు మధ్యలో నిలుస్తుంది, నీళ్లు ఎక్కువ పోస్తే అడుక్కు దిగిపోయి పైన తెల్ల సబ్బు మిగులుతుంది. 19వ శతాబ్దపు విశ్లేషణల్లో చారల సబ్బులో నీరు దాదాపు 30 శాతం, తెల్లదాంట్లో దాదాపు 45. మచ్చలేని సబ్బు కొన్నవాడు నీళ్లకు డబ్బిచ్చాడన్నమాట. తర్వాత అల్ట్రామెరీన్ నీలం వంటి రంగులతో, నీళ్లు దండిగా ఉన్న సబ్బుకూ చారలు తెప్పించడం నేర్చారు. చారకు విలువ పోయింది. మార్సెయ్ ఇటుకల మీద నూనె పాలును తెలిపే 72 శాతం అన్న ముద్ర పడసాగింది.