కాలిఫోర్నియా ద్వీపం: 700 మ్యాపుల్లో ఒకే తప్పు

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి పక్కూరులా అయిపోయిన కాలిఫోర్నియా ఉంది కదా, పాత మ్యాపుల్లో అదొక ద్వీపం. చుట్టూ నీళ్లే! స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఇలాంటి మ్యాపులు 700కు పైగా ఉన్నాయి. గ్లెన్ మెక్‌లాఫ్లిన్ అనే ఆయన ఏళ్ల తరబడి సేకరించినవి, 2011లో లైబ్రరీకి చేరాయి. స్కాన్ చేసి ఆన్‌లైన్‌లో పెట్టారు. ఫోన్‌లో జూమ్ చేస్తూ కూర్చుంటే నాకు తెల్లారిపోయింది.

అసలు ట్విస్ట్ ఏంటంటే, ఇది తెలియక చేసిన తప్పు కాదు. 1539లోనే ఉల్లోవా అనే స్పానిష్ నావికుడు కాలిఫోర్నియా సింధుశాఖ కొసదాకా వెళ్లి, అవతల నేలే ఉందని చూశాడు. ఆ శతాబ్దపు మంచి మ్యాపుల్లో అది ద్వీపకల్పమే. తర్వాత, 1602లో బయల్దేరిన ఓడల్లో వెళ్లొచ్చిన ఒక క్రైస్తవ సన్యాసి, అది ద్వీపమని గట్టిగా వాదించాడు. 1625లో హెన్రీ బ్రిగ్స్ మ్యాప్ ఇంగ్లండ్‌లో అచ్చయింది. లాగరిథమ్ టేబుల్స్ వేసిన బ్రిగ్సే! అంత పెద్దాయన తప్పు వేస్తాడా అనుకున్నారు. ఇక ఒకరిది చూసి ఒకరు దించేశారు. మా భాషలో కాపీ పేస్ట్.

దీన్ని తేల్చింది కీనో అనే మతప్రచారకుడు. ఈయన కూడా ఒకప్పుడు ద్వీపమనే నమ్మాడు. 1699లో, సముద్రానికి దూరంగా ఉన్న ఊళ్లో స్థానికులు ఆయనకి నీలంగా మెరిసే చిప్పలు ఇచ్చారు. అలాంటివి ఆయన అంతకుముందు పసిఫిక్ ఒడ్డున చూశాడు. మధ్యలో సముద్రం ఉంటే ఇవి ఇక్కడికెలా వచ్చాయి? ఆ ప్రశ్న పట్టుకుని బయల్దేరాడు, కొలరాడో నది దాటాడు, నేలదారి ఉందని తేల్చాడు. ఆయన మ్యాప్ 1705లో అచ్చయింది. అయినా తప్పు చావలేదు. చివరికి 1747లో స్పెయిన్ రాజు ఆరో ఫెర్డినాండ్, కాలిఫోర్నియా ద్వీపం కాదని ఉత్తర్వే ఇవ్వాల్సొచ్చింది!

ఇదంతా నవ్వుతూ చెప్పలేకపోతున్నా. ఒక పాత ఎపిసోడ్‌లో కాకతీయ రాజ్యం మ్యాప్ పెట్టాను. సెర్చ్‌లో దొరికింది, రంగులు బాగున్నాయి, పెట్టేశా. సరిహద్దులు తప్పని ఒక వ్యూయర్ పట్టుకున్నారు. వీడియో తీసేశా. కానీ ఆ స్క్రీన్‌షాట్ మొన్న మా ఫ్యామిలీ గ్రూపులోకే ఫార్వార్డ్ అయి వచ్చింది.

అందుకే ఇకనుంచి ఇక్కడ చూపించే ప్రతి మ్యాప్ కింద, అది ఎవరు వేశారో, ఏ సంవత్సరమో రాస్తాను. అవి లేకపోతే, వెంటనే నన్ను అడగండి.